డేట్ లేటయితే ముందు ఏం చేయాలి?

ఎలమంచిలి నుంచి మీ అక్క మాట్లాడుతున్నా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నవాళ్ళకి నమస్తే. ఈ టాపిక్‌ని ఇంట్లో స్పీకర్ ఆన్ చేసి వినే రోజు ఇంకా రాలేదు కాబట్టి, అలాగే వినండి, పర్లేదు. ఇవాళ పీరియడ్ లేటవడం గురించి మాట్లాడుకుందాం.

నాకొచ్చే మెసేజ్‌లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "అక్కా, డేట్ దాటి 9 రోజులైంది. ఏ టాబ్లెట్ వేసుకోవాలి?" అంతే, రెండే ముక్కలు. ఈ రెండు ముక్కల మధ్య అడగాల్సినవి, చూసుకోవాల్సినవి బోలెడున్నాయి. ఎందుకు లేటయిందో తెలియకముందే మనం టాబ్లెట్ దగ్గరికి వెళ్ళిపోయాం. ఆ మధ్యలో ఏముందో ఇవాళ చెప్తాను.

సగం చిక్కు మన మాటల్లోనే ఉంది. మన దగ్గర "నెల తప్పింది" అంటే ఒక్కటే అర్థం, కడుపుతో ఉందని. పెళ్ళయి మూడు నెలలైన అమ్మాయికి నాలుగు రోజులు లేటయితే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "ఏటమ్మా, ఏమైనా విశేషమా?" అని అడిగేస్తారు. అదే నాలుగు రోజులు పెళ్ళి కాని అమ్మాయికి లేటయితే గుండెల్లో రాయి పడినట్టు ఉంటుంది. ఎవరితోనూ కలవని అమ్మాయి కూడా భయపడుతుంది, అమ్మ ఏమనుకుంటుందో అని. లేటవడానికి చాలా కారణాలు ఉంటాయి, కడుపు వాటిల్లో ఒకటి. కాకపోతే మిగతా అన్ని కారణాలూ ఓ వారం ఆగగలవు. ఇది ఒక్కటి ఆగదు. ఎందుకు ఆగదో కొంచెం సేపట్లో తేదీలు వేసి చూపిస్తాను.

ముందు అసలు లేటయిందా లేదా తేల్చుకుందాం. పీరియడ్ మొదలైన మొదటి రోజు నుంచి, తర్వాతి పీరియడ్ మొదలైన రోజు వరకు లెక్కపెట్టాలి. చాలామంది ఆగిపోయిన రోజు నుంచి లెక్కపెడతారు. అలా పెడితే లేటయిన సంగతే ఐదు రోజులు ఆలస్యంగా తెలుస్తుంది. 28 రోజులు అనేది పుస్తకంలో రాసే అంకె. పెద్దవాళ్ళలో 24 నుంచి 38 రోజుల మధ్యలో ఎప్పుడు వచ్చినా మామూలే. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్ళలో అయితే 21 నుంచి 45 రోజుల దాకా తేడాలు ఉంటాయి.

ఒక ఉదాహరణ చెప్తా, దీన్నే చివరిదాకా వాడుకుందాం. జూన్ 3న పీరియడ్ మొదలైంది అనుకోండి. మీకు ఎప్పుడూ 28 రోజులకి వస్తుందంటే జూలై 1న రావాలి. మీ ఫ్రెండ్‌కి 35 రోజులకి వస్తుందంటే ఆమెకి జూలై 8. ఇద్దరూ జూలై 5న కూర్చుని మాట్లాడుకుంటే మీకు లేటు, ఆమెకి ఇంకా టైమే ఉంది. అందుకే ఫ్రెండ్ డేట్‌తో పోల్చుకోకండి.

మరి ఫోన్‌లో యాప్ "5 రోజులు లేట్" అని ఎర్రగా చూపిస్తోంది కదా అంటారు. యాప్‌కి మీ గర్భసంచి కనపడదమ్మా. మీరు ఇచ్చిన పాత తేదీలకి సగటు కట్టి ఒక అంచనా చెప్తుంది. రెండు నెలలు ఎంటర్ చేయడం మర్చిపోతే ఆ అంచనా కూడా ఉండదు. యాప్ వాడండి, తప్పు లేదు, కానీ మొదటి రోజు తేదీ మీరే గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఫోన్ తమ్ముడూ, అన్నయ్యా అందరూ వాడతారంటే క్యాలెండర్‌లో ఆ తేదీ మీద చిన్న చుక్క పెట్టుకుంటే చాలు. ఆ చుక్క ఏంటో మీకు తెలిస్తే చాలు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అండాశయం నుంచి అండం విడుదలైన తర్వాత సుమారు రెండు వారాలకి పీరియడ్ వస్తుంది. ఈ రెండో భాగం ఎవరికైనా పెద్దగా మారదు. మారేది మొదటి భాగం, అంటే అండం తయారై బయటికి రావడానికి పట్టే టైమ్. కాబట్టి పీరియడ్ పది రోజులు లేటయిందంటే, చాలాసార్లు అండమే పది రోజులు లేటుగా విడుదలైంది అన్నమాట. ఒక్కోసారి ఆ నెల అసలు విడుదలే కాదు. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. "ఈ వారం నేనేం తప్పు చేశాను?" అని ఆలోచిస్తుంటారు మీరు. కారణం మూడు నాలుగు వారాల కింద ఉంటుంది.

అండం ఎందుకు లేటవుతుంది? మెదడులో హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. ఒంట్లో తిండి సరిపోతోందా, నిద్ర ఉందా, జ్వరం ఉందా, మనిషి టెన్షన్‌లో ఉందా, ఇవన్నీ చూసుకుని అండాశయాలకి కబురు పంపేది అక్కడి నుంచే. పరిస్థితి బాగోలేదు అనిపిస్తే కబురు ఆలస్యం చేస్తుంది. పరీక్షల ముందు లేటయ్యేది అందుకే. డెంగ్యూ వచ్చి తగ్గాక, పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళిన మొదటి నెలల్లో, హాస్టల్‌లో కొత్తగా చేరాక, ఇవన్నీ ఆ లెక్కే. రీల్స్ చూసి రాత్రి భోజనం మానేసి, పొద్దున్న టిఫిన్ మానేసి, నెలలో ఆరు కిలోలు తగ్గిన అమ్మాయికి పీరియడ్ ఆగిపోతే నాకు ఆశ్చర్యం లేదు. ఒంటికి సరిపడా తిండి లేదని మెదడుకి తెలిసిపోయింది, అంతే. అలా నెలల తరబడి ఆగిపోతే ఎముకలు కూడా బలహీనపడతాయి, అందుకని సన్నగా అయ్యానని సంతోషపడి ఊరుకోవద్దు.

మన రోడ్డు మీద అచ్యుతాపురం సెజ్ వైపు వెళ్ళే బస్సుల్లో ఎంతమంది ఆడపిల్లలు వెళ్తారో మీకు తెలుసు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ మారుతూ ఉంటే నిద్ర చెదిరిపోతుంది, కొందరిలో నెలసరి కూడా అటూ ఇటూ అవుతుంది. షిఫ్ట్ మారిన నెల ఏదో రాసిపెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఆ ఒక్క మాట చాలా పనికొస్తుంది.

మందులూ కారణం కావచ్చు. ఐ-పిల్ లాంటి 72 గంటల లోపు వేసుకునే టాబ్లెట్ వేసుకుంటే ఆ నెల పీరియడ్ వారం ముందూ రావచ్చు, వారం లేటూ కావచ్చు. మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు, కొన్ని గ్యాస్ మాత్రల్లో కలిపే డోంపెరిడోన్, ఇవి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచి పీరియడ్‌ని ఆపగలవు. అలాగని డాక్టర్ రాసిన మందు మీ అంతట మీరు ఆపేయకండి, అడగండి. థైరాయిడ్ తేడా, పీసీఓఎస్, ఇవి మీకు తెలిసిన పేర్లే. పీసీఓఎస్ మీద ఇంకో ఎపిసోడ్ చేస్తాను, ఇవాళ అటు వెళ్తే తిరిగి రాలేం.

మన ప్రాంతం వాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. అన్నవరంలో వ్రతం పెట్టుకున్నారు, లేదా అనకాపల్లి నూకాలమ్మ జాతర వస్తోంది, లేదా అక్క పెళ్ళి. డేట్ అదే రోజు పడుతోందని వాయిదా వేసే టాబ్లెట్ వేసుకుంటారు. నోరెథిస్టెరాన్ అని ఉంటుంది అట్ట మీద. అది ఆపిన రెండు మూడు రోజులకి మామూలుగా పీరియడ్ వచ్చేస్తుంది. వారం దాటినా రాలేదంటే ఆగి ఆలోచించాలి. పెళ్ళయినవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఇలా వాయిదాకి వేసుకునే టాబ్లెట్ గర్భం రాకుండా ఆపుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు దీన్ని డాక్టర్‌ని అడక్కుండా అసలు ముట్టుకోకూడదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. పోయిన పీరియడ్ తర్వాత కలయిక జరిగిందా? ఒక్కసారైనా? ఇది మీకు మీరు వేసుకునే ప్రశ్న, నాకు జవాబు పంపక్కర్లేదు. లేదు అంటే ఈ భయం ఇక్కడితో వదిలేయండి. ముద్దు వల్ల, ఒకే టాయిలెట్ వాడటం వల్ల, ఒకే టవల్ వల్ల గర్భం రాదు. "పూర్తిగా జరగలేదు అక్కా, బయటే" అని రాసేవాళ్ళుంటారు. వీర్యం యోని దగ్గర పడితే అవకాశం తక్కువే గానీ సున్నా కాదు. అవకాశం ఉంది అనిపిస్తే ఆలోచన ఆపేసి టెస్ట్ చేసుకోండి. రాత్రుళ్ళు మేలుకుని గూగుల్‌లో వెతికేకంటే వంద రూపాయల లోపు దొరికే కార్డు త్వరగా జవాబు చెప్తుంది.

పిండం గర్భసంచికి అంటుకున్నాక హెచ్‌సీజీ అనే హార్మోన్ తయారవుతుంది, అది మూత్రంలోకి వస్తుంది, కార్డు దాన్నే పట్టుకుంటుంది. అందుకని కలిసిన మూడో రోజు టెస్ట్ చేస్తే ఏమీ తెలీదు. రావాల్సిన డేట్ దాటిన రోజు నుంచి నమ్మొచ్చు. డేట్ ఎప్పుడూ సరిగ్గా ఉండనివాళ్ళు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి చేసుకోండి. పొద్దున్నే మొదటిసారి వెళ్ళే మూత్రం మంచిది, అది చిక్కగా ఉంటుంది. రాత్రి రెండు లీటర్ల నీళ్ళు తాగి చేస్తే పలచబడిపోతుంది. ఇచ్చిన డ్రాపర్‌తో, కవర్ మీద ఎన్ని చుక్కలంటే అన్ని వేయండి, చెప్పిన టైమ్‌కి చూడండి. సి దగ్గర గీత రాకపోతే ఆ కార్డు పనిచేయలేదు, ఇంకోటి కావాలి. సి, టి రెండు చోట్లా గీత వస్తే పాజిటివ్. టి గీత లేతగా ఉన్నా పాజిటివే, "లేతగా ఉంది కాబట్టి సగం" అనేది ఉండదు. కార్డు పక్కన పెట్టేసి గంట తర్వాత చూసి కంగారు పడకండి, ఆ టైమ్‌లో కనపడేదానికి విలువ లేదు. నెగెటివ్ వచ్చి, పీరియడ్ కూడా రాకపోతే వారం తర్వాత మళ్ళీ చేయండి.

ఉప్పు వేసి చూడటం, పంచదార వేసి చూడటం, టూత్‌పేస్ట్ నురగ వస్తే కడుపు అనడం, ఇవన్నీ వీడియోల్లో తిరుగుతున్నాయి. నురగ రావడం టూత్‌పేస్ట్ పని. అది దేంతో కలిపినా వస్తుంది.

ఇప్పుడు మెడికల్ షాప్ టాబ్లెట్ సంగతి. "పీరియడ్ వచ్చే టాబ్లెట్" అని అడిగితే సాధారణంగా ఇచ్చేది ప్రొజెస్టరాన్ రకం మాత్ర. ఐదు రోజులో పది రోజులో వేసుకుని ఆపేస్తే, ఆపిన వారం లోపు బ్లీడింగ్ వస్తుంది, కడుపు లేకపోతే. డాక్టర్లు కూడా దీన్ని రాస్తారు, చెడ్డ మందు కాదు. కానీ డాక్టర్ ముందు టెస్ట్ చేయించి రాస్తారు. కడుపు ఉంటే ఈ మాత్ర పీరియడ్ తేలేదు, గర్భాన్ని తీయనూ లేదు. కొన్ని రోజులు మాత్రం తినేస్తుంది. వెనకటికి మన దేశంలో ఎక్కువ డోసు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ కలిపిన మాత్రలు ఇదే పనికి, పీరియడ్ తెప్పించడానికి, కడుపు ఉందో లేదో చూడటానికి వాడేవారు. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాక 1988లో వాటిని నిషేధించారు. మందు మారింది, అడిగే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

రోజులు తినేస్తే ఏమవుతుంది అంటారా? మన జూన్ 3 దగ్గరికి రండి. జూలై 11న మీకు 10 రోజులు లేటు. అంటే కడుపు 10 రోజులది అనుకుంటున్నారు మీరు. డాక్టర్ లెక్క వేరు. చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కపెడతారు, అంటే జూలై 11కి 38 రోజులు, ఐదు వారాలు దాటిపోయాయి. మన దేశంలో మాత్రలతో గర్భం తీసే పద్ధతికి 9 వారాలు హద్దు, అంటే 63 రోజులు. జూన్ 3 నుంచి 63 రోజులంటే ఆగస్టు 5. మీ చేతిలో ఉన్నవి 25 రోజులు. షాప్ మాత్ర ఐదు రోజులు, వస్తుందేమో అని ఇంకో వారం, రాలేదని ఇంకో షాప్‌లో ఇంకో కోర్సు, మళ్ళీ వారం. చూస్తే ఆ 25 రోజులూ అయిపోయాయి. ఆ తర్వాత దారి లేదని కాదు, ఉంది, కానీ ఆసుపత్రిలో చేరాల్సిన పద్ధతులు వస్తాయి, ఖర్చు, నొప్పి, ఇంట్లో చెప్పాల్సిన సంగతులు అన్నీ పెరుగుతాయి. బిడ్డ కావాలనుకునే అమ్మాయికీ ఇదే నష్టం, ఇంకో రకంగా. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాల్సిన ముఖ్యమైన వారాలు ఇవే. ఆంధ్రాలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే ఐరన్ కూడా ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇంకా ప్రమాదమైంది, కడుపు తీసే కిట్‌ని చీటీ లేకుండా కొనడం. అందులో మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ ఉంటాయి. ఇవి సరైన వారాల్లో, డాక్టర్ చూశాక వాడితే బాగా పనిచేసే మందులే. వాటిని చూసి భయపడమని నేను చెప్పట్లేదు. నా భయం వేరే. కొందరిలో గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో పెరుగుతుంది. కార్డు మీద అదీ పాజిటివే. ఆ కిట్ ట్యూబులో గర్భాన్ని తీయలేదు. కిట్ వేసుకున్నాక బ్లీడింగ్ అయింది కదా, అయిపోయింది అనుకుని ఇంట్లో కూర్చుంటే, ఒకరోజు ట్యూబు పగిలి కడుపులో రక్తం నిండిపోతుంది. పీరియడ్ లేటయి, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, మధ్యమధ్యలో రక్తం మరకలు, కళ్ళు తిరిగి పడిపోవడం, భుజం చివర నొప్పి, వీటిలో ఏది కనపడినా టెస్ట్ గురించి, పరువు గురించి ఆలోచించకండి. 108కి ఫోన్ చేయండి. ఈ ఒక్క పేరా గుర్తుంటే చాలు నాకు.

పాజిటివ్ వచ్చింది, ఇప్పుడు వద్దు అనుకుంటున్నారు. ఏం చేయొచ్చు? మన దేశంలో 1971 నుంచి దీనికి చట్టం ఉంది, 2021లో మార్చారు. 20 వారాల దాకా ఒక అర్హత ఉన్న డాక్టర్ అభిప్రాయం చాలు. కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా. పద్దెనిమిది నిండిన అమ్మాయి తన సంతకం తనే పెట్టొచ్చు. భర్త సంతకం కావాలి, అమ్మానాన్నలని తీసుకురా అని ఎవరైనా అంటే అది చట్టంలో లేని మాట. గర్భనిరోధక సాధనం ఫెయిలవడం అనే కారణం ఇదివరకు పెళ్ళయినవాళ్ళకే రాసి ఉండేది, 2021 మార్పులో "భర్త" తీసేసి "భాగస్వామి" అని పెట్టారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, పాతికేళ్ళ పెళ్ళికాని అమ్మాయి వేసిన కేసులో, పెళ్ళయిందా లేదా అన్నదాన్ని బట్టి తేడా చూపకూడదని స్పష్టంగా చెప్పింది. మీ పేరు, వివరాలు డాక్టర్ బయటికి చెప్పకూడదు, చెబితే ఏడాది దాకా జైలు పడొచ్చు. పద్దెనిమిది లోపు అమ్మాయి అయితే అమ్మానాన్నలో, సంరక్షకులో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి సమాచారం వెళ్తుంది, కానీ అమ్మాయీ సంరక్షకులూ కోరితే ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టర్ ఇవ్వక్కర్లేదని అదే తీర్పు చెప్పింది.

ఇక్కడ ఒక మాటతో జాగ్రత్త. చట్టంలో ఈ పని చేయాల్సింది ఆర్‌ఎంపీ అని ఉంటుంది. అంటే డిగ్రీ ఉండి, మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై, ఈ పనిలో శిక్షణో అనుభవమో ఉన్న డాక్టర్. మన వీధిలో ఆర్‌ఎంపీ అంటే ఎవరిని అంటామో మీకు తెలుసు, బ్యాగ్‌తో బండి మీద వచ్చి ఇంజెక్షన్ చేసే ఆయన. అక్షరాలు అవే, మనుషులు వేరు. జ్వరానికి ఆయన్ని పిలుస్తారేమో, అది మీ ఇష్టం. దీనికి మాత్రం పిలవకండి.

ఎక్కడికి వెళ్ళాలి అనేది చిన్న ఊళ్ళో పెద్ద ప్రశ్న. ఆశా కార్యకర్తల దగ్గర నిశ్చయ్ కిట్ అని ప్రభుత్వం ఇచ్చే ప్రెగ్నెన్సీ టెస్ట్ కార్డు ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు. పెళ్ళయినవాళ్ళకి అది మంచి దారి. పెళ్ళి కాని అమ్మాయికి కష్టం, నాకు తెలుసు, ఆశా అక్క మీ వీధిలోనే ఉంటుంది, మీ అమ్మతో కలిసి డ్వాక్రా మీటింగ్‌కి వెళ్తుంది. మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాప్ ఆయనకి మీ నాన్నగారు తెలుసు. అలాంటప్పుడు కార్డుని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, లేదంటే రైలెక్కి అనకాపల్లిలో దిగి అక్కడ కొనుక్కోవచ్చు, మిమ్మల్ని ఎవరూ చూడరు. డాక్టర్ కావాలంటే అనకాపల్లి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఇంకా దూరం వెళ్ళగలిగితే విశాఖలో కేజీహెచ్, పాత ఊళ్ళో ఆడవాళ్ళ కోసమే ఉన్న విక్టోరియా ఆసుపత్రి, అందరూ ఘోషా ఆసుపత్రి అంటారు. ఓపీ చీటీ దగ్గర "ఏ సమస్య?" అని గట్టిగా అడుగుతారు. "గైనిక్" అని ఒక్క మాట చెప్పండి, చాలు. అక్కడ లైన్‌లో మొత్తం కథ చెప్పక్కర్లేదు. ఎవరైనా బలవంతం చేసి ఉంటే, భయపెడుతూ ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్, పద్దెనిమిది లోపు వాళ్ళకి 1098.

ఈ వీడియో చూస్తున్న అబ్బాయిలు కూడా ఉంటారు, నాకు తెలుసు. కిట్ కొనడానికి షాప్‌కి వెళ్ళేది చాలాసార్లు మీరే. టాబ్లెట్ కొనకండి, కార్డు కొనండి. పాజిటివ్ వస్తే ఫోన్ స్విచ్ ఆఫ్ చేయడం మానేసి, ఆమెతో పాటు ఆసుపత్రికి వెళ్ళండి. బయట బెంచీ మీద కూర్చున్నా సరే.

మరి టెస్ట్ నెగెటివ్, రెండోసారీ నెగెటివ్, అయినా పీరియడ్ రాలేదు. కంగారు లేదు, కానీ గడువు ఉంది. ఎప్పుడూ సరిగ్గా వచ్చేవాళ్ళకి మూడు నెలలు రాకపోతే, మామూలుగానే అటూ ఇటూగా వచ్చేవాళ్ళకి ఆరు నెలలు రాకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి. అంతకంటే ముందే వెళ్ళినా ఎవరూ తప్పు పట్టరు. పాలు ఇవ్వకుండానే రొమ్ముల నుంచి పాలు వస్తుంటే, బాగా తలనొప్పులు వస్తూ చూపు మసకబారుతుంటే, ముఖం మీద జుట్టు ఎక్కువవుతుంటే ఆగొద్దు. పదిహేనేళ్ళు నిండినా అసలు పెద్దమనిషి కాని అమ్మాయిని కూడా ఒకసారి చూపించాలి. ఇంట్లో "మన వంశంలో అందరూ లేటే" అంటారు, నిజమే కావచ్చు, చూపిస్తే నష్టం లేదు కదా. డాక్టర్ సాధారణంగా మొదట టెస్ట్, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూస్తారు, అవసరమైతే స్కానింగ్. వెళ్ళేటప్పుడు గత ఆరు నెలల తేదీలు పట్టుకెళ్ళండి. సగం పని అక్కడే అయిపోతుంది.

చిమ్మిలి గురించి అడక్కుండా వదలరు మీరు. నువ్వులు, అనకాపల్లి బెల్లం దంచి ఉండ చేసి, "వేడి చేస్తుంది, తిను, వచ్చేస్తుంది" అంటారు అమ్మమ్మలు. తినండి, మంచి తిండి, రుచిగా ఉంటుంది. దాంతో పీరియడ్ రాదు. బొప్పాయి, పైనాపిల్, ఇంగువ నీళ్ళు, వీటిదీ అదే సంగతి. పొద్దున్న చిమ్మిలి తిన్నాక సాయంత్రం పీరియడ్ వచ్చిందంటే, అది రెండు వారాల కిందే బయల్దేరింది, చిమ్మిలికి పేరొచ్చింది.

చివరగా పోయిన వారం వచ్చిన రెండు ప్రశ్నలు. ఒకమ్మాయి రాసింది, డేట్‌కి వచ్చింది గానీ రెండు చుక్కలే పడి ఆగిపోయింది, దీన్ని పీరియడ్ కింద లెక్కేయాలా అని. కలయిక జరిగి ఉంటే లెక్కేయకండి, టెస్ట్ చేసుకోండి. కడుపు మొదట్లో కొందరికి అలా కనపడుతుంది. ఇంకో అమ్మాయి, బిడ్డకి ఐదు నెలలు, పాలు ఇస్తున్నా, ఇంకా పీరియడ్ రాలేదు, ఇక భయం లేదా అని. బిడ్డకి ఆరు నెలల లోపు, పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తూ, పీరియడ్ రాకుండా ఉన్నంతకాలం అవకాశం చాలా తక్కువ. పైపాలో, ఉగ్గో మొదలుపెట్టారంటే ఆ ధీమా పోయినట్టే. మొదటి పీరియడ్ రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి, పీరియడ్ కోసం ఎదురుచూడకుండా ఏఎన్‌ఎంని అడిగి ఏదైనా పద్ధతి మొదలుపెట్టండి తల్లీ.

వచ్చే ఎపిసోడ్ పీసీఓఎస్. ప్రశ్నలు ఉంటే పంపండి, పేర్లు చదవను. ఉంటానండి.